లైట్ బాక్స్‌తో ఒక శీతకాలం: కొలతలు, పొరపాట్లు, సవరణలు

శీతకాలపు కుంగుబాటుకు వాడే లైట్ బాక్స్ (గాఢమైన వెలుతురునిచ్చే దీపపు పలక) తెచ్చుకుని, రోజూ శ్రద్ధగా దాని ముందు కూర్చుని, రెండు మూడు వారాలైనా ఏ మార్పూ లేకపోవడంతో ఇక లాభం లేదనుకుని దాన్ని అటకెక్కించినవాళ్లు నాకు తెలుసు. నేను కూడా దాదాపు అంతదాకా వచ్చాను. మొదటి రెండు వారాల్లో నా కంటికి చేరిన వెలుతురు చేరవలసినదానిలో ఏడో వంతు కూడా లేదన్న సంగతి వెలుతురును లక్స్ అనే కొలమానంలో చూపించే లక్స్ మీటర్ చేతికొచ్చాకగాని తెలియలేదు. అందుకే ఏ రోజు ఏం కొలిచాను, ఎక్కడ తప్పాను, దేన్ని ఎందుకు మార్చాను అన్నవన్నీ వరసగా రాసిపెడుతున్నాను. ఇదే పని మొదలుపెట్టేవాళ్లు నా మొదటి ఐదు వారాలను చదివి దాటేసి, ఆరో వారం నుంచి అందుకోవచ్చు.

నేనుండేది ఉత్తర అక్షాంశం 50 డిగ్రీల దగ్గర. డిసెంబరు చివరికి పగలు ఎనిమిది గంటలే ఉంటుంది. వరసగా రెండు శీతకాలాలు అక్టోబరు మూడో వారం దాటగానే రోజుకు పది గంటలు నిద్రపోయినా తీరని మత్తు, కాళ్లూ చేతులూ సీసం పోసినట్టు బరువెక్కడం, పిండిపదార్థాల మీద యావ, ఏ పని మీదా మనసు నిలవకపోవడం మొదలై, ఏప్రిల్ వచ్చేసరికి వాటంతట అవే తగ్గిపోయాయి. మానసిక వైద్యుడు దీన్ని సీజనల్ డిప్రెషన్ (ఋతువును బట్టి వచ్చే కుంగుబాటు) అని నిర్ధారించి లైట్ థెరపీ సూచించారు. ఇందులో రాసినదంతా ఆయన పర్యవేక్షణలో జరిగింది.

దశ 0: స్విచ్ వేయకముందు

1. బైపోలార్ (మనసు కుంగుబాటుకూ ఉద్రేకానికీ మధ్య ఊగే జబ్బు) లక్షణాలు ఎప్పుడైనా కనిపించాయా అని వైద్యుడు వివరంగా అడిగారు. ఉన్నవాళ్లలో గాఢమైన వెలుతురు మనసును అవతలి అంచుకు, అంటే ఉన్మాదపు ఉద్రేకంలోకి నెట్టే ప్రమాదం ఉంది.
2. నేత్ర వైద్యుడు రెటీనా (కంటి లోపల వెనకనుండే పొర) పరీక్షించారు. మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణత, మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం వంటివి ఉంటే ఆయన అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.
3. వాడుతున్న మందుల జాబితా చూపించాను. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లు, గుండె లయను సరిచేసే అమియోడరోన్, మూలికా మందుల్లో సెయింట్ జాన్స్ వర్ట్ వంటివి శరీరాన్ని వెలుతురుకు అతిగా స్పందించేలా చేస్తాయి.
4. ప్రతి ఆదివారం కుంగుబాటు తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపాలని నిర్ణయించుకున్నాము. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. ఎంత తక్కువైతే అంత మేలు. బతకడం వృథా అన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు జవాబు సున్నా కాకపోతే ఆదివారం దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయమని వైద్యుడు గట్టిగా చెప్పారు.

పనిముట్లు: 30 × 40 సెంటీమీటర్ల తెల్లని ఎల్‌ఈడీ లైట్ బాక్స్, కొలత టేపు, టైమర్, నోటు పుస్తకం. లక్స్ మీటర్‌ను ఈ జాబితాలో మొదటిరోజే చేర్చుకోకపోవడం నేను చేసిన మొట్టమొదటి తప్పు.

ప్రారంభం నవంబరు 10. పీహెచ్‌క్యూ స్కోరు 16.

దశ 1 (1 నుంచి 14వ రోజు): అట్టపెట్టె మీద అంకెను నమ్మడం

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో 10,000 లక్స్ అని ఉంది. నేను బాక్సును బల్ల మీద నిలబెట్టి, కుర్చీ మామూలుగా ఎక్కడుంటుందో అక్కడే ఉంచి, రోజూ ఉదయం 7:30కి అరగంట సేపు పుస్తకం చదువుకున్నాను. కంటికీ బాక్సుకూ మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ఆరో రోజున ఫోనులో ఒక యాప్ పెట్టి కొలిస్తే 5,800 చూపించింది. ఫోనును కొద్దిగా పక్కకు వంచగానే 3,100 అంది. అంతగా ఊగిసలాడే అంకె మీద ఆధారపడలేననిపించి మీటర్ తెప్పించాను. పద్నాలుగో రోజున వచ్చింది.

ఆ ఆదివారం ఉదయం రోజూలాగే కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. నా భార్య మీటర్ మీది తెల్లటి గుండును బాక్సుకేసి తిప్పి నా కణత పక్కన పట్టుకుంది: 2,450. తరవాత ఆ గుండును నా చూపు ఎటుందో అటు, అంటే పుస్తకం వైపు తిప్పింది. అంకె జారుతూ జారుతూ 1,350 దగ్గర ఆగింది. పేజీ తిప్పడానికి నేను ఇంకాస్త ముందుకు వంగేసరికి 900కి వచ్చింది. “మీరు వంగినప్పుడల్లా పడిపోతోంది” అంటూ మళ్లీ మళ్లీ చూపించింది. ఈ ప్రాజెక్టులో నేను నేర్చుకున్నదానిలో సగం ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. బాక్సుకు ఎదురుగా పట్టి కొలిచిన అంకెతో మనకు పని లేదు. కన్ను ఉన్న చోట, చూపు వెళ్లే దిక్కుకు తిప్పి కొలిచిన అంకె కావాలి. దాన్నే ఇకపై ‘చూపు వరస కొలత’ అంటాను.

ఆ తరవాత సూచనల పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తే, ‘10,000 లక్స్: 25 సెంటీమీటర్ల దూరంలో’ అని చిన్న అక్షరాల్లో కనిపించింది. బాక్సుకు ఎదురుగా పట్టి దూరాన్నిబట్టి కొలిచిన అంకెలు ఇవి:

25 సెం.మీ.: 9,700
30 సెం.మీ.: 7,600
35 సెం.మీ.: 6,100
40 సెం.మీ.: 4,900
60 సెం.మీ.: 2,450

దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుందన్న బడి సూత్రం ప్రకారమైతే 60 దగ్గర 1,700 కూడా ఉండకూడదు. ఆ సూత్రం చుక్కంత దీపానికి సరిపోతుంది. బాక్సు వెడల్పు దాని ముందు కూర్చునే దూరంతో పోల్చదగినంత ఉన్నప్పుడు తగ్గుదల కొంత నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి సూత్రంతో ఊహించకుండా ఎవరి బాక్సును వారు కొలుచుకోవడమే మంచిది.

ఇక్కడ లెక్క పద్ధతి ఒకటి పెట్టుకున్నాను: చూపు వరస లక్స్‌ను గంటలతో హెచ్చిస్తే వచ్చేవి లక్స్-గంటలు. 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం ఈ జబ్బును వర్ణించిన కాలంలో 2,500 లక్స్ ముందు గంటల తరబడి కూర్చోబెట్టేవారు. ఆ తరవాత 10,000 లక్స్‌తో అరగంట చాలని తేలి అదే ప్రామాణికమైంది. 2,500 రెండు గంటలు, 5,000 ఒక గంట, 10,000 అరగంట: మూడింటికీ 5,000 లక్స్-గంటలే వస్తాయి. అయితే ఈ గుణకారాన్ని 2,500 కంటే కిందికి లాగడం నాకు సమ్మతం కాదు. మామూలు గది వెలుతురులో పది గంటలు కూర్చుంటే ఇదే ఫలితం వచ్చే పనైతే శీతకాలపు కుంగుబాటు ఇంత మందిని పట్టి ఉండేది కాదు. 1980లో ఆల్‌ఫ్రెడ్ లెవీ బృందం కూడా 2,500 లక్స్ రాత్రిపూట మెలటోనిన్‌ను (నిద్రవేళను శరీరానికి తెలిపే హార్మోన్) అణచగలదనీ, 500 లక్స్ అంతగా అణచలేదనీ చూపింది. అందువల్ల 2,500 దాటిన వెలుతురును మాత్రమే ‘చెల్లే లెక్క’లో వేసుకున్నాను.

*మొత్తం లెక్క, 14వ రోజు: 14 సార్లు, 7 గంటలు, 9,450 లక్స్-గంటలు (కావలసినవి 70,000). చెల్లే లెక్క: 0. స్కోరు 15.*

దశ 2 (15 నుంచి 21వ రోజు): దగ్గరికి జరపడం, తలనొప్పి

బాక్సును అలాగే నిలువుగా ఉంచి 30 సెంటీమీటర్లకు జరిపాను. ఎదురు కొలత 7,600 ఉన్నా, తల వంచి చదువుతుండటంతో చూపు వరసలో 3,900 మాత్రమే వచ్చింది. రెండో రోజుకే కళ్లు నీళ్లు కారి, కనుబొమల మధ్య నొప్పి మొదలైంది. కాంతి తగ్గిస్తే సరిపోతుందనుకుని పద్దెనిమిదో రోజున డిమ్మర్‌ను (కాంతిని తగ్గించే మీట) 60 శాతానికి తిప్పాను. నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఇరవై ఒకటో రోజున బాక్సు వేయలేదు, కారణం వెతకడానికే ఆ ఉదయం కేటాయించాను.

1. డిమ్మర్ 60 శాతంలో ఉండగా బాక్సు ముందు పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఆడించాను. ఒకే మసక పట్టీగా కనబడవలసింది విడివిడి పెన్సిళ్లుగా కనిపించింది.
2. ఫోనుతో స్లో మోషన్ వీడియో తీశాను. తెర మీద నల్లటి చారలు పాకాయి.
3. డిమ్మర్‌ను పూర్తిగా 100కు తిప్పి రెండూ మళ్లీ చేశాను. పెన్సిల్ మసకగా కనిపించింది, చారలు మాయమయ్యాయి.

అంటే ఈ బాక్సులో కాంతిని తగ్గించేది ఎల్‌ఈడీలను కంటికి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూనే. ఆ మిణుకు నాకు పడలేదు. ఆ రోజు నుంచి డిమ్మర్‌ను ముట్టుకోలేదు. వెలుతురు ఎక్కువనిపిస్తే కుర్చీని వెనక్కి జరుపుతాను. రెండో సవరణ ఇంకా సులువైనది. అన్నాళ్లూ గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో ఈ ఒక్క పలకనే చూస్తున్నాను. పైదీపాలు కూడా వేసుకుంటే వెలుగుకూ చీకటికీ మధ్య అంత తేడా ఉండదు, కన్ను అంత అలసిపోదు.

డిఫ్యూజర్ పలక తీసేస్తే లక్స్ పెరుగుతుందన్న ఆలోచన కూడా వచ్చింది కానీ తీయలేదు. ఎల్‌ఈడీ చుక్కల తీక్షణతను పలక అంతటా పరిచి కంటికి భరించదగినట్టు చేసేది ఆ డిఫ్యూజరే. ఎవరూ తీయవద్దు.

*మొత్తం లెక్క, 21వ రోజు: 20 సార్లు, 10 గంటలు, 18,810 లక్స్-గంటలు. చెల్లే లెక్క: 5,850 (డిమ్మర్ తిప్పిన మూడు రోజులు 2,340 లక్స్ మాత్రమే కావడంతో అవి చెల్లలేదు). స్కోరు 15.*

దశ 3 (22 నుంచి 28వ రోజు): ఎత్తు, వంపు, కళ్లజోడు

వెలుతురు పైనుంచి వస్తే రెటీనా కింది సగం మీద పడుతుంది. మెలటోనిన్‌ను అణచడంలో ఆ భాగమే ఎక్కువ చురుకైనదని పరిశోధనల్లో కనిపించింది. ఆకాశం కూడా మనకు పైనుంచే కదా వెలుగునిచ్చేది. దానికి తగ్గట్టు అమరికను ఇలా మార్చాను:

1. బాక్సు కింది అంచు దాదాపు కంటి ఎత్తుకు వచ్చేలా దాని కింద దిట్టమైన చెక్కపెట్టె పెట్టాను.
2. పలకను ముందుకు 15 డిగ్రీలు వంచి, పడిపోకుండా వెనక తాడుతో కట్టాను.
3. పుస్తకాన్ని వాలు స్టాండు మీద నిలబెట్టాను. ఇక తల వంచనక్కరలేదు.
4. కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద, బాక్సు చుట్టూ బల్ల మీద రంగు టేపు అంటించాను. ఇల్లు ఊడ్చాక కుర్చీ పది సెంటీమీటర్లు వెనక్కి జరిగినా కొలత అంతా మారిపోతుంది.

కంటి నుంచి పలక మధ్యకు 32 సెంటీమీటర్లు; చూపు వరస కొలత 6,200. బాక్సు కేసి తదేకంగా చూడలేదు, చూడనక్కరలేదు కూడా; కళ్లు తెరిచి ఉండి, వెలుతురు వాటి మీద పడితే చాలు. 6,200తో 5,000 లక్స్-గంటలు చేరాలంటే 48 నిమిషాలు పడుతుంది. టైమర్‌ను 48కి పెట్టాను. రోజుకు 4,960.

కళ్లజోడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మీటర్ పట్టుకోలేదు. నేను చదువుకునే జోడు కంప్యూటర్ పని కోసం నీలికాంతిని ఆపేలా చేయించుకున్న పసుపు ఛాయ అద్దాలది. అద్దాన్ని మీటర్ గుండు ముందు అడ్డంపెడితే 6,200 కాస్తా 5,600 అయింది. పెద్ద నష్టం కాదనుకుని రెండు రోజులు అలాగే వాడాను. అసలు విషయం వేరు. లక్స్ అనే కొలమానం పగటి చూపుకు బాగా కనిపించే 555 నానోమీటర్ల పచ్చదనం చుట్టూ తయారైంది. శరీర గడియారానికి కబురు పంపే రెటీనా కణాలు మాత్రం మెలనాప్సిన్ అనే వర్ణకంతో పనిచేస్తాయి, వాటికి ఎక్కువగా తగిలేది 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతి. అలాంటి కణాలు తమంతట తామే వెలుతురుకు స్పందిస్తాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. నా అద్దాలు సరిగ్గా ఆ నీలాన్నే ఆపుతుండగా మీటర్‌కు అది దాదాపు కనిపించలేదు. పాత తెల్లద్దాల జోడుకు మారాను. దీన్నిబట్టి నీలి బాక్సు కొనుక్కోవాలని కాదు. తెల్లని వెలుతురులో కావలసినంత నీలం ఉంది, పరిశోధనలు ఎక్కువగా జరిగింది కూడా దానితోనే.

ఆ వారం సెలవు కలిసొచ్చి 7:30కే నింపాదిగా కూర్చోగలిగాను. ఆరో రోజున మధ్యాహ్నం కునుకు తీయలేదన్న సంగతి రాత్రి డైరీ రాసేటప్పుడుగాని గమనించలేదు.

*మొత్తం లెక్క, 28వ రోజు: 27 సార్లు, 15.6 గంటలు, 53,530 లక్స్-గంటలు. చెల్లే లెక్క: 40,570. స్కోరు 12.*

దశ 4 (29 నుంచి 35వ రోజు): తెల్లవారుజామున కూర్చోవడం

సెలవు అయిపోయింది. ఉద్యోగానికి వెళ్లేలోపు 48 నిమిషాలు దొరకాలంటే పొద్దున్నే లేవాలనుకుని, అలారం 5 గంటలకు పెట్టి 5:10కి బాక్సు వేశాను. వెలుతురు అంతే, నిమిషాలు అంతే, దూరం అంతే. వారం తిరిగేసరికి రాత్రి నిద్ర పట్టే వేళ 11:45 నుంచి 12:40కి జరిగింది, పగలంతా తూగు, స్కోరు మళ్లీ 14.

అలారం లేకపోతే శీతకాలంలో నేను మేలుకునేది ఉదయం 8 ప్రాంతంలో. శరీర ఉష్ణోగ్రత అన్నింటికంటే తగ్గే సమయం సాధారణంగా మనంతట మనం మేలుకునే వేళకు రెండు మూడు గంటల ముందు ఉంటుంది. ఆ సమయం దాటాక పడే వెలుతురు శరీర గడియారాన్ని ముందుకు జరిపి, రాత్రి నిద్ర త్వరగా వచ్చేలా చేస్తుంది. అంతకుముందు పడే వెలుతురు దాన్ని వెనక్కి నెడుతుంది. 5:10 అన్నది నా విషయంలో సరిగ్గా ఆ గీత మీద, బహుశా దానికి అవతల ఉంది. శరీరం దృష్టిలో అది ఉదయం కాదు, నడిరాత్రి. ఎంత పొద్దున్నే అయితే అంత మంచిదన్న మాట అందరికీ వర్తించదు. ఎనిమిదింటికి లేచేవాళ్లకు అసలే వర్తించదు.

హోర్న్, ఓస్ట్‌బర్గ్ అనే పరిశోధకులు 1976లో తయారుచేసిన ప్రశ్నావళిని వైద్యుడు నాకు ఇచ్చారు. మనిషి ఉదయపు రకమా, సాయంత్రపు రకమా అన్నది దానితో తేలుతుంది. నాకు 40 వచ్చింది, అంటే ఓ మోస్తరు సాయంత్రపు రకం. మొదలుపెట్టే వేళ 7:15 అని నిర్ణయించి, పని వేళలు అరగంట వెనక్కి జరపడానికి అనుమతి అడిగాను. అడగడానికి చాలా మొహమాటపడ్డాను, ఇచ్చారు.

*మొత్తం లెక్క, 35వ రోజు: 34 సార్లు, 21.2 గంటలు, 88,250 లక్స్-గంటలు. చెల్లే లెక్క: 75,290. ముందటి వారం, ఈ వారం రెండింటిలోనూ చేరింది సమానంగా 34,720. స్కోరు మాత్రం ఒకసారి మూడు తగ్గింది, ఒకసారి రెండు పెరిగింది.*

దశ 5 (36 నుంచి 56వ రోజు): కుదురుకున్న అమరిక

ఈ మూడు వారాల గురించి రాయడానికి ఎక్కువ లేదు. 7:15, 48 నిమిషాలు, టేపు గుర్తులు, తెల్లద్దాలు. నిద్ర పట్టే వేళ పది రోజుల్లో 11:20కి వచ్చింది. వారం వారం స్కోరు 11, 8, 6.

ఒక్క తప్పు మాత్రం రాయాలి. నలభై నాలుగో రోజు ఉదయం కుదరలేదని రాత్రి 8 గంటలకు కూర్చున్నాను. రెండున్నర దాకా కన్ను మూతపడలేదు. ఉదయం తప్పితే ఆ రోజుకు వదిలేయాలి, రాత్రికి బాకీ తీర్చకూడదు.

ఈ తగ్గుదలంతా వెలుతురు వల్లే అని నేను రుజువు చేయలేను, నాది ఒక్క మనిషి కథ. రుజువు కావలసినవాళ్లకు 2006లో రేమండ్ లామ్ బృందం ప్రచురించిన కెనడా అధ్యయనం ఉంది. అందులో 96 మందిలో కొందరికి 10,000 లక్స్ వెలుతురుతో ఉత్తుత్తి మాత్ర, మిగిలినవారికి 100 లక్స్ మసక వెలుతురుతో కుంగుబాటుకు వాడే అసలైన ఫ్లూఆక్సెటిన్ మాత్ర ఎనిమిది వారాలు ఇచ్చారు. రెండు వైపులా 67 శాతం మందిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. రెండు వైపులా మూడో వంతుకు తగినంత గుణం కనిపించలేదన్నది కూడా అందులో ఉంది. అమరిక అంతా సరిగ్గా ఉండి మూడు నాలుగు వారాలైనా మార్పు రాకపోతే తప్పు మీదని అనుకోవద్దు, వైద్యుడి దగ్గరికి వెళ్లి వేరే దారి అడగండి. మందులు వాడుతున్నవాళ్లు బాక్సును నమ్మి వాటిని సొంతంగా ఆపవద్దు.

*మొత్తం లెక్క, 56వ రోజు: 55 సార్లు; 38 గంటలు; 1,92,410 లక్స్-గంటలు. చెల్లే లెక్క: 1,79,450 (రాత్రి కూర్చున్నదాన్ని లక్స్ లెక్కలో ఉంచాను, మేలు లెక్కలో కాదు). స్కోరు 6.*

దశ 6 (57 నుంచి 131వ రోజు): అయిదు రోజుల విరామం, తరవాత

జనవరి 5 నుంచి 9 దాకా ప్రయాణం. బాక్సు మోసుకెళ్లలేదు. బాగానే ఉన్నాను కదా అనుకున్నాను. నాలుగో రోజుకు పది గంటల నిద్ర తిరిగొచ్చింది, అయిదో రోజు స్కోరు 11. కుదుటపడ్డాక ఆపేస్తే జబ్బు నయమైనట్టు కాదని, శీతకాలం పొడుగునా వాడాలని ముందే చెప్పారు. విన్నాను గాని పట్టించుకోలేదు. జనవరి 10న మళ్లీ మొదలుపెడితే 6కి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆపైన మార్చి 20 వరకు 70 రోజుల్లో నాలుగు రోజులే తప్పాయి.

*మొత్తం లెక్క, 131వ రోజు: 121 సార్లు; 90.8 గంటలు, 5,19,770 లక్స్-గంటలు. చెల్లే లెక్క: 5,06,810. స్కోరు 4.*

దశ 7: తగ్గించడం

డిసెంబరులో ఉదయం 7:15కి మీటర్‌ను గుమ్మం బయట పట్టుకుంటే 10 లక్స్ కూడా రాలేదు. మార్చి మూడో వారంలో, మబ్బు కమ్మిన ఉదయం 8 గంటలకు ఆరుబయట చూపు వరసలో 4,600 వచ్చింది. మార్చి 21 నుంచి బాక్సు ముందు 48 నిమిషాలను 30 నిమిషాలకు, వారం తరవాత 15 నిమిషాలకు తగ్గించి, మిగతా సమయం బయట నడిచాను. మార్చి 31న ఆపాను. ఏప్రిల్ 7న స్కోరు మళ్లీ 4.

వచ్చే శీతకాలానికి వైద్యుడితో అనుకున్నవి రెండు. లక్షణాలు అక్టోబరు మూడో వారంలో మొదలవుతున్నాయి కాబట్టి బాక్సును అక్టోబరు 5నే వేయాలి. దానితోపాటు ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ చికిత్సలో కూడా చేరాలి; కెల్లీ రోహన్ బృందం 177 మందిని గమనించినప్పుడు, రెండో శీతకాలానికి జబ్బు తిరగబెట్టినవాళ్లు సీబీటీ తీసుకున్నవారిలో 27 శాతం, వెలుతురు తీసుకున్నవారిలో 46 శాతం ఉన్నారు. బాక్సు దించి గుడ్డతో తుడిచి, మీటర్‌లో బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. బల్ల మీద, నేల మీద టేపు గుర్తులు అలాగే ఉంచాను.